ఏడు మడతల మసిగుడ్డ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం వండే గిన్నె సామర్లకోట స్టేషన్లో ఆగిన రైలింజనంత ఉండేది. అంతే ఆవిరి, అంతే రొద. ఇదిగో, మొదట్లోనే దొరికిపోయాను. ఆవగింజ చేతికిస్తే గుమ్మడికాయ చేసి తిరిగిచ్చే రకాన్నని మా ఆవిడ అంటుంది. ఆవిడ కాస్త తగ్గించే చెబుతుంది. అందుకని ముందే ఒప్పుకుంటున్నాను. ఇందులో పెంచి చెప్పినవి బోలెడున్నాయి, పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే. అదేమిటో చివర్లో నేనే చెబుతాను.

మాది ద్రాక్షారామం దగ్గర పల్లె. ఇంటికి మహారాణి, కలెక్టరు, హైకోర్టు అన్నీ మా నాయనమ్మే. ఆవిడ నవ్వడం చూడాలంటే గోదావరి పుష్కరాల దాకా ఆగాలి. అలాంటి ఇంటికి మా బాబాయిని చేసుకుని మెట్ట ప్రాంతం జంగారెడ్డిగూడెం నుంచి పిన్ని వచ్చింది. వస్తూ వస్తూ కుట్టు మిషన్ తెచ్చుకుంది. వారం తిరక్కుండా ఊళ్ళో ఆడవాళ్ళంతా జాకెట్ గుడ్డలు పట్టుకుని మా వసారాలో బారులు తీరారు. నాకైతే నాలుగు జేబుల చొక్కా కుట్టిపెట్టింది. నాలుగిట్లోనూ మరమరాలు పోసుకుని ఊరంతా తిరిగేవాణ్ణి. అంతవరకూ పొద్దున్నే నాయనమ్మని పలకరించడానికి వచ్చేవాళ్ళు ఇప్పుడు ఆవిణ్ణి దాటుకుని మిషన్ దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. అది ఆవిడకి కంట్లో కారంలా ఉండేది.

"మెట్ట పిల్లవైనా జాకెట్లు బానే కుడతావులేమ్మా. వంటింటికి పనికొచ్చేది ఒక్కటి కుట్టు, చూద్దాం" అంది ఒకరోజు. పందెం ఏమిటంటే, పిన్ని మసిగుడ్డలు కుట్టాలి. వాటితోనే గంజి వార్చాలి. ఒక్క మెతుకు నేల మీద పడినా మిషన్ అటకెక్కుతుంది.

"అలాగేనండీ అత్తయ్యగారూ" అంది పిన్ని నవ్వుతూ.

గంజి వార్చడమంటే గిన్నె పట్టుకుని గబుక్కున దింపేయడం కాదు. మూత నొక్కిపెట్టి, గిన్నెని వంచి, చివరి చుక్క కారేదాకా అలాగే పట్టుకుని ఉండాలి. కాబట్టి మసిగుడ్డ లోపల ఏం పెట్టామన్నదే అసలు విద్య. పిన్ని పాత బట్టల మూట ముందేసుకుని, ఒక్కో ముక్కకీ పెళ్ళిచూపులు జరిపింది. నైలాన్ చీర వేడికి ముడుచుకుపోతుందని తోసేసింది. గోనెపట్టా చేతికి వంగదు. తువ్వాలు మందంగా బాగానే ఉంది కానీ తడి పీలుస్తుంది. చివరికి మా తాతయ్య కట్టి వదిలేసిన నేత పంచె నెగ్గింది. వెయ్యిసార్లు ఉతికిన ఆ గుడ్డని ముక్కలు కోసి, ఒకదానిమీద ఒకటి ఏడు మడతలు పేర్చింది. ఆరైతే చెయ్యి కాలుతుందట, ఎనిమిదైతే పట్టు దొరకదట. చేతికొకటి చొప్పున రెండు తయారుచేసి, రెండోదానికి పై రెండు మడతల్నీ సంచిలా మూడు వైపులా కుట్టి, మిగతావి లోపల దూర్చి, నాలుగోవైపు వదిలేసి స్నానానికి వెళ్ళింది.

అప్పుడు నాయనమ్మ నన్ను పెరట్లోకి పిలిచి, చేతిలో వేడివేడిగా కాల్చిన తాటి తేగ పెట్టింది. అక్కడే బాబాయి పాత మోటారుసైకిలు ఉంది. సీటు చిరిగి పసుప్పచ్చ స్పాంజి బయటికొచ్చి ఉంది. దానివైపు కళ్ళతో చూపించింది. అంతే. నేను వెళ్ళి లోపలి అయిదు మడతలూ లాగేసి, వాటి బదులు స్పాంజి ముక్క దూర్చాను.

పిన్ని తిరిగొచ్చి పట్టుకు చూసింది. "ఏంట్రా ఇంత మెత్తగా ఉంది? ఏడూ ఉన్నాయా?"

"ఉన్నాయి పిన్నీ. నేను చూశాగా."

నా మాట మీద నాలుగోవైపు కుట్టేసింది.

స్పాంజి చూడ్డానికి బొద్దుగా ఉంటుంది. నొక్కితే తమలపాకంత. పైగా గంజి తాగుతుంది. నాయనమ్మ ఎదుట గిన్నె వంచగానే మరిగే గంజి దానిలోకి దిగి, పిన్ని కుడిచేతిని పట్టుకుని కూర్చుంది. ఆవిడ మొహం నల్లబడింది. గిన్నె వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. పెదవి కొరుక్కుని, చివరి చుక్క దాకా వార్చింది. గిన్నె నిలబెట్టి, మూత సర్ది, అప్పుడు చెయ్యి విప్పింది. గుడ్డతోపాటు అరచేతి తోలూ వచ్చింది. ఒక్క మెతుకు నేల మీద పడలేదు.

"గెలిచావులేమ్మా. మిషన్ నీదే. కుట్టుకో మరి" అంది నాయనమ్మ, ఆ చేతిని చూస్తూ. నవ్వింది. పుష్కరాలు ముందే వచ్చాయి.

సాయంత్రం పిన్ని ఎడమచేత్తో కత్తెర పట్టుకుని మసిగుడ్డ చీల్చింది. స్పాంజి చూసి కూడా నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పొగలు కక్కే టీ గ్లాసు తెచ్చి, ఆ స్పాంజితో పట్టుకోమంది. "నొక్కి పట్టుకో. గట్టిగా." మూడు లెక్కపెట్టేలోగా కింద పెట్టేశాను. మళ్ళీ పంచె మడతలతో పట్టుకోమంది. టీ చల్లారేదాకా పట్టుకోగలిగాను.

"మెత్తగా ఉన్నదాన్ని నొక్కి చూడాలిరా. నొక్కాక మిగిలేదే వేడికి అడ్డం నిలబడేది. నేను గుడ్డలన్నీ నొక్కి చూశాను. నీ మాటని చూడలేదు." గ్లాసు నా చేతిలోంచి తీసుకుంటూ అడిగింది. "ఎవరు పెట్టమన్నారు?"

"నానమ్మ."

పిన్ని తలూపింది. నెల తిరక్కుండా వేరు కుంపటి పెట్టింది. కాలిన వేళ్ళు మళ్ళీ సూదిలో దారం ఎక్కించడానికి ఏడాది పట్టింది. అత్తగారితో మళ్ళీ మాట కలపలేదు. నాయనమ్మ మంచాన పడ్డాక కూడా ఆ గుమ్మం తొక్కలేదు. "నవ్వాననా, అంత పగ? నేనేం చేశానురా దానికి?" అని నాయనమ్మ నన్నే అడిగేది. కాళ్ళు పడుతూ ఉండేవాణ్ణి.

ఇక ఒప్పుకోలు. గిన్నె ఇంజనంత లేదు, రెండు శేర్లు పట్టేది. పంచె వెయ్యిసార్లు ఉతికింది కాదు. తోలు ఊడింది నాలుగు వేళ్ళ మీదే.

కల్పించింది తేగ. నాయనమ్మ నన్ను పెరట్లోకి పిలవలేదు, కళ్ళతో ఏమీ చూపించలేదు. ఆవిడ నవ్వితే ఎలా ఉంటుందో చూద్దామని నేనే పెట్టాను. పిన్నితో ఆవిడ పేరు చెప్పిన మాట మాత్రం కల్పన కాదు.

పిన్ని ఇప్పటికీ ఏడాదికోసారి నాకు మసిగుడ్డలు కుట్టి పంపిస్తుంది. వచ్చిన ప్రతిసారీ నొక్కి చూస్తాను, అంచు విప్పి లెక్కపెడతాను. ఏడూ ఉంటాయి.