బొట్టు పెట్టిన ఫ్లాపీలు

లిదియా మా పత్తి మిల్లులో కంప్యూటర్ మీద పనిచేసేది. నేను అక్కడే హమాలీని. కుర్చీలో కూర్చుని చేసే పనికి అలసట ఏమిటని మొదట్లో అనుకునేవాణ్ణి. సాయంత్రం ఆమె హనుమకొండ బస్సు కోసం గేటు దగ్గర నిలబడి వేళ్లు నొక్కుకునేది. మా భుజాల్లాగే ఆ వేళ్లూ వాచి ఉండేవి.

పాత లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని మా సేటు రామలింగం ఆమెను టెంపరరీగా పెట్టుకున్నాడు.

"మొత్తం ఎక్కియ్యి లిదియా. దసరా ఎల్లంగనే పర్మనెంటు జేస్త" అన్నాడు.

ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. పని అయింది. అప్పుడు హైదరాబాద్ ఇంజనీరు సుందర్ రావు కబురు పంపాడు. కంప్యూటర్ మిషన్ నడిపించే సిస్టం కొత్తది వచ్చిందట, అది వెయ్యాలంటే లోపలున్నదంతా తుడిచెయ్యాలట. అందుకని ముందే అంతా ఫ్లాపీల్లోకి కాపీ తీసుకోమన్నాడు. నల్లటి పల్చటి చదరపు బిళ్లలవి. మధ్యలో సందు, ఆ సందులోంచి లోపలి రేకు కనబడుతుంది.

లిదియా పెట్టె నిండా కాపీలు తీసింది. ఒక్కొక్కటి మిషన్లో పెట్టి చూసుకుంది. ఇంకో పెట్టె కావాలని సేటును అడిగింది.

"ఒక్క సరుకును రెండు గోదాముల్ల పెడ్తమా?" అని సేటు నవ్వాడు.

దసరా ముందర వస్తానన్న ఇంజనీరు రాలేదు. లిదియా సెలవు పెట్టి రఘునాథపల్లిలో అమ్మ దగ్గరికి పోయింది.

ఆయుధపూజ నాడు మిల్లు అటెండరు మొగిలయ్య పసుపు, కుంకుమ తడిపి పళ్లెంలో తెచ్చాడు. బస్తాలెత్తే మా కొక్కేలకు పెట్టాడు, కాంటాకు పెట్టాడు, కంప్యూటర్ నెత్తికీ పెట్టాడు.

సేటు బీరువా తెరిచి ఫ్లాపీల పెట్టె తీశాడు. "గివి సుత పన్జేసే సామానే గదరా. బొట్టు పెట్టకుంటె ఏడాదంత అలుగుతయి."

మొగిలయ్య భక్తిగా ఒక్కొక్క ఫ్లాపీ తీసి సరిగ్గా మధ్యలో బొట్టు పెట్టాడు. సేటు వాటిని మళ్లీ పెట్టెలో సర్ది మూత పెట్టాడు. మేము కొబ్బరి ముక్కలు తిని ఇంటికి పోయాము.

పండుగ వెళ్లాక సుందర్ రావు వచ్చాడు, వస్తూనే తొందర. నేను ఆ గదిలో పాత లెక్కల మూటలు గోదాముకు పంపడానికి కడుతున్నాను.

"సార్, తుడిచేముంగట ఫ్లాపీలు ఒక్కపారి పెట్టి చూద్దాం" అంది లిదియా.

"సూశిన్నంటివి గదమ్మా? నాకు బస్సుంది."

తుడిచేశాడు. కొత్తది వేశాడు. అప్పుడు పెట్టె మూత తీశారు.

లిదియా ముఖం చూసి నేను మూట వదిలేశాను. మొదటి ఫ్లాపీ సందులో కుంకుమ ఎండి పెచ్చు కట్టింది. ఆమె కొంగుతో తుడిచింది, నోటితో ఊదింది. మిషన్లో పెడితే గరగరమంది. రెండోదీ అంతే. పెట్టెలో ఏదీ నడవలేదు.

"ఎవడు పెట్టిండు గీ బొట్లు?" అని సుందర్ రావు అరిచాడు.

"గంత నాజూకు సామానైతె ముందుగాల జెప్పొద్దా?" అని సేటు లిదియా మీద ఎగిరాడు.

"గందుకే గద సేటూ, రెండో పెట్టె అడిగిన."

"అడిగినవ్ గని, బొట్టు పెట్టొద్దని జెప్పినవా? పర్మనెంటు సంగతి మల్ల సూద్దాం. మొదటికెళ్లి ఎక్కియ్యి."

సుందర్ రావు బస్సుకు పోయాడు. కట్టిన మూటలు నేనే విప్పాను.

"ముందుగాల ఏ ఏడాదివి ఇయ్యాలె బిడ్డా?"

"ఏవైతేంది కాకా, అన్నీ మల్ల కొట్టుడే." నా వైపు చూడలేదు.

మరుసటి దసరాకల్లా లిదియా అంతా మళ్లీ ఎక్కించి, కొత్త ఫ్లాపీల్లోకి కాపీ తీసింది. ఆయుధపూజ నాడు సేటు బీరువా తెరిస్తే ఖాళీగా ఉంది.

"ఫ్లాపీలేవి లిదియా? బొట్టు పెట్టాలె."

"ఊర్ల మా అమ్మింట్ల ఉన్నయి సేటూ. వాటికి మా అమ్మ ప్రార్థన జేస్తాంది."

మొగిలయ్య నవ్వాడు. సేటుకు నవ్వు రాలేదు. పళ్లెం పట్టుకుని ఖాళీ బీరువాకే బొట్టు పెట్టించాడు. పర్మనెంటు మాట ఆయన ఎత్తలేదు. లిదియా కూడా అడగడం మానేసింది.