లిఫ్టులో అయిపోయిన వైద్యం

ఆ ఉదయం అక్క డ్యూటీకి తయారవుతూ జాకెట్టు వేసుకుంటోంది. ఎడమ రొమ్ము మీద చర్మం ఒకచోట లోపలికి లాక్కుపోయి కనిపించింది. చెయ్యి పెట్టి చూశాను. గట్టిగా, కదలని గడ్డ.

"నొప్పి నేదే. నొప్పి నేని గడ్డకి బయమెందుకు? నర్సుని నేనా, నువ్వా?" అంది.

"నువ్వే. ఆ సంగతి గడ్డకి తెలవాలి కదక్కా" అన్నాను.

అక్క కలకత్తాలో ఒక పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పెళ్లి చేసుకోలేదు, ఊరి పక్కనే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో నాతో, మా ఆయనతోనే ఉండేది. రొమ్ము ఎలా తడిమి చూసుకోవాలో ఎందరు ఆడవాళ్లకో నేర్పింది. తనదాకా వచ్చేసరికి డ్యూటీ రూములో టీ తాగుతూ తోటి సిస్టర్లని అడిగింది. ఖోంచాఖుంచి, అదే ఆ గుచ్చడాలు పొడవడాలు, వద్దు దిదీ, సూదితో గెలికితే ఒళ్లంతా పాకుతుంది అన్నారట. చదువుకున్నవాళ్లే అందరూ. కాకపోతే జబ్బు ముదిరాక వచ్చి బయాప్సీ తర్వాత పోయినవాళ్లనే చూసి చూసి, చంపేది బయాప్సీయేనని వాళ్లకో నమ్మకం.

నేను రోజూ పోట్లాడితే, చివరికి లిఫ్టులో సర్జన్ గారిని అడిగింది. ఆసుపత్రివాళ్లు ఓపీడీ టికెట్ తీసుకుని వరుసలో నిలబడరు, ఎదురైనచోట అడిగేస్తారు. ఆయన చెయ్యి వేసి చూడకుండానే, "ఫైబ్రోఅడినోమా అయ్యుంటుంది సిస్టర్, టెన్షన్ పడకండి" అన్నారు. అంటే ప్రమాదం లేని గడ్డని. పై అంతస్తు వచ్చేలోపు వైద్యం అయిపోయింది.

కొన్ని నెలలకి చంకలోనూ గడ్డలు తేలాయి. అప్పుడు మామోగ్రామ్, కోర్ బయాప్సీ. క్యాన్సరే. రిపోర్టు చూసిన ఆంకాలజిస్టు, "మీరు కూడా ఇంత లేటా సిస్టర్?" అన్నారు. అక్క తల దించుకుంది. నేను దించుకోలేదు.

"మొదట్లోనే అడిగింది డాక్టరుగారూ. మీ సర్జన్ గారికి లిఫ్టు దిగే తొందర."



కీమోకి గడ్డ తగ్గింది. ఆపరేషన్ అయింది. జుట్టు మొలిచింది, కొన్నాళ్లు డ్యూటీకి కూడా వెళ్లింది. తర్వాత లివర్‌లో మచ్చలు కనిపించాయి. మెటాస్టాసిస్, జబ్బు పాకిందన్నారు.

ఆఖరి రోజుల్లో అడిగాను, లిఫ్టులో అడిగే బదులు ఆ సర్జన్ గారికే టికెట్ తీసుకుని చూపించుకుంటే ఏం పోయేదని.

"జాకెట్టిప్పి ఆయనకి సూపించి, మర్నాడు ఆయనెనకాలే రౌండ్సుకి ఎలా ఎల్లనే?"

ఎవరితోనైనా వాదించగలను. ఆ మాట విని మాత్రం లేచి అక్క దిండు సర్దాను.

అక్క పోయి ఏడాది దాటింది. మా ఆయన నేనేమన్నా తలూపి ఊరుకుంటారు. ఇంట్లో నాతో పోట్లాడే మనిషి లేదు.

ఆసుపత్రుల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకి ఒక్కటే చెబుతాను. గడ్డ చేతికి తగిలితే నొప్పి కోసం చూడకండి, సూదికి భయపడకండి, దారిలో ఎవరినీ అడగకండి. మీరు పనిచేసేచోట సిగ్గయితే, మిమ్మల్ని సిస్టర్ అని ఎవరూ పిలవని ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి.