తెల్లబట్ట చాటున

పోయిన గురువారం తెల్లవారి నమాజు అయ్యాక కింద పరిచిన జానమాజు మడుస్తుంటే దోహా పక్కనున్న అల్ వక్రా నుంచి ఫోన్ వచ్చింది. ఖాలా కూతురు. "ఆపా, అమ్మీ పోయింది" అంది. మడిచిన జానమాజు మళ్ళీ పరిచి ఆమె కోసం దువా చేసుకున్నాను.

ఖాలా అంటే పెద్దమ్మ, ఆపా అంటే అక్క. మాకు రక్తసంబంధమేమీ లేదు. చమురు డబ్బుతో దోహాలో ఎటు చూసినా మేడలు లేస్తున్న కాలంలో మా పై అంతస్తులో ఉండేది. ఆమెది నిజామాబాద్, మాది జగిత్యాల. కొత్తగా తెరిచిన అంతస్తుల దుకాణంలో, ఆడవాళ్ళ బట్టల దగ్గర పని. మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి అలాగే ఇంటికి వచ్చేది.

ఆ బట్టల గదికి గుమ్మంలో పరదా ఉండేది. దాన్ని దాటి మగవాళ్ళు రాకూడదు. మొగుళ్ళు కార్లలోనే కూర్చునేవారు. లోపల సోఫాలు, చల్లగాలి. ఖతరీ అవ్వలు, ఈజిప్టు టీచరమ్మలు, మన హైదరాబాదీలు. బట్ట చూడడం ఒక సాకు. సంబంధాలు, కాన్పు కబుర్లు, అత్తగార్ల మీద ఫిర్యాదులు అన్నీ అక్కడే. ఇంటి బయట ఆడది ఊరికే కూర్చోగలిగిన చోటు నాకు తెలిసి అదొక్కటే.

ఆ ఏడు మా అమ్మీకి మగబిడ్డ పుట్టి, పేరు పెట్టకముందే పోయాడు. అమ్మీ ఏడవలేదు. తినలేదు, మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. పెద్దదాన్ని కనుక చెల్లెళ్ళకు నేనే వండిపెట్టేదాన్ని. ఆమె కూడా పోతుందేమోనని లేవగానే ముందు ఆమె ఊపిరి చూసేదాన్ని.

ఒక పొద్దున ఖాలా దిగివచ్చి అబ్బాజాన్‌తో, "భాయ్, కిటికీలకు పరదా గుడ్డ చూడాలె. చెల్లెను తీస్కపోతున్న" అంది.

"ఉన్నయే రెండు కిటికీలు ఆపా. రెండిటికీ పరదాలున్నయి."

"అయితే మూడోది కొట్టియ్యి."

అబ్బాజాన్ నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది.

అప్పటి నుంచి ఖాలా డ్యూటీకి పోతూ మమ్మల్నీ తీసుకుపోయేది. అమ్మీ సోఫాలో ఓ మూల, పక్కన నేను. బడికి సెలవులు. అమ్మీ అక్కడా మాట్లాడేది కాదు.

ఒకరోజు ఓ ఖతరీ అవ్వ, కొత్తగా పుట్టిన మనవడి కోసం తీసుకున్న పల్చని మల్లు గుడ్డను అమ్మీ చేతిలో పెట్టింది, మెత్తగా ఉందా చూడమన్నట్టు. అవ్వకేం తెలుసు? అమ్మీ దాన్ని ముఖానికి అదుముకుంది. ఆ తర్వాత వచ్చిన ఏడుపుకు గదిలో కత్తెరలన్నీ ఆగిపోయాయి.

ఖాలా ఒక తెల్లబట్ట తాను లాగి, గబగబా విప్పి, ఒక కొస నాకిచ్చింది. "ఎత్తి పట్టు బిడ్డా. చేతులు దించకు." అమ్మీ ముందు బట్ట గోడలా నిలిచింది. సూపర్‌వైజరమ్మ పరుగున వచ్చి ఏమైందని అడిగింది.

"కస్టమర్ బట్ట వెడల్పు, పన్నా చూస్తున్నది మేడం."

ఆమె బట్ట వెనక ఏడుపు విన్నది. "మంచిగా చూడమను" అని వెళ్ళిపోయింది.

నా భుజాలు గుంజాయి. బట్ట చాటున అవ్వ అమ్మీ తలను ఒళ్ళోకి తీసుకుంది. ఆ సాయంత్రం అమ్మీ అన్నం అడిగింది.

"ఏడ్వనీకి గూడ ఇంత చాటు గావాలె బిడ్డా." ఖాలా ఆ తర్వాత నాతో ఎన్నోసార్లు అన్న మాట.

కోలుకున్నాక అమ్మీ ఆమెను ఆటపట్టించేది. "నమాజుల గూడ టేపేనా ఆపా?"

"ఉండనియ్యి చెల్లె. పైన నన్ను కొల్చేటాయనకు టేపు దేవులాడే తక్లీఫ్ గావొద్దు."

మా అమ్మీ పోయి ఏళ్ళయింది. ఆ దుకాణమూ లేదు. ఆ సోఫాలను తలుచుకోవడానికి ఖాలా, నేను మిగిలాం. ఇప్పుడు నేనొక్కదాన్నే.

ఆ గురువారం మధ్యాహ్నం అల్ వక్రాలో ఖాలాకు చివరి స్నానం చేయించారు. కడిగే ఆడవాళ్ళు తెల్ల దుప్పటి అడ్డం పట్టమన్నారు. ఒక కొస ఆమె కూతురు పట్టుకుంది, రెండోది నేను. ఆ పిల్ల వైపు దుప్పటి కిందికి జారుతోంది.

"ఎత్తి పట్టు చెల్లె" అన్నాను. "చేతులు దించకు."

అవతల నీళ్ళు పోస్తున్న చప్పుడు. నా భుజాలు గుంజుతూనే ఉన్నాయి. నేను దించలేదు.