విడమర్చనిదే గడి నింపకూడదు

2022 వేసవి. మార్కాపురంలో నేను స్టాఫ్ నర్సుగా పనిచేసే డయాలిసిస్ సెంటర్‌లో ఏసీ ఉన్నా ఫ్యాన్లు కూడా తిప్పుకోవాల్సినంత ఎండ. మా పని గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. కిడ్నీలు మానేసిన పనిని మెషీన్ చేత చేయించడమే డయాలిసిస్. ముంజేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టి ఒక చోటు తయారుచేస్తారు, దాన్ని ఫిస్టులా అంటాం. అక్కడ రెండు సూదులు గుచ్చుతాం. ఒకదాన్నుంచి రక్తం మెషీన్‌లోకి పోయి, శుభ్రపడి, రెండోదాన్నుంచి ఒంట్లోకి తిరిగొస్తుంది. ఒంట్లో నిలిచిన నీటిని కూడా మెషీన్ లాగేస్తుంది. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు.

ఇది వినగానే అందరూ "అమ్మో, ఎంత నొప్పో" అంటారు. నొప్పి కాదండీ, విసుగు. నాలుగు గంటలు ఒక చెయ్యి కదపకుండా పడుకోవడమంటే మాటలా? టీవీ పెట్టాం. రిమోట్ దగ్గర కొట్లాటలు మొదలయ్యాయి. తీసేద్దామా అనుకుంటుండగా మస్తాన్ వలి మామ వచ్చాడు, టీవీ సంగతి అందరూ మరిచిపోయారు.

మస్తాన్ మామది మార్కాపురమే. పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసి మానుకున్నాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఆదివారం పేపరుతో వచ్చే పుస్తకంలో గళ్ళ నుడికట్టు ఉంటుంది చూడండి, అదంటే ఆయనకు ప్రాణం. ఆ కాగితం కత్తిరించి, అట్టకు అతికించి, మంగళవారం మా దగ్గరకు తెచ్చేవాడు. శనివారం దాకా వార్డంతా దాని మీదే.

నాకు అంతకుముందు పజిల్ అంటే 'చెట్టుకు మరో పేరు' అని అడిగేది మాత్రమే తెలుసు. ఇది ఆ రకం కాదు. ఆధారం ఒక దారి చూపిస్తుంది, జవాబు ఇంకో దారిలో ఉంటుంది. మొదటి వారమే మామ నన్ను ఒకటి అడిగాడు: 'పిల్లవాడి పలక తిరగేస్తే అడితిలో తేలింది, మూడక్షరాలు.' నేను పలకలమ్మే అడితి ఎక్కడుందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మామ నవ్వాడు.

"తిరగేస్తే అన్నాడు కద బేటీ, తిరగెయ్యి. పలకని చివర నుంచి చదువు. క, ల, ప. కలప. అడితిలో అమ్మేది కలపే గదా."

ఓస్, ఇంతేనా అనిపించింది. అనిపించింది గానీ, ఆ రోజంతా నా బుర్రకు కొత్త ఊపిరి వచ్చినట్టుంది. కేస్ షీట్ మీద రాస్తూ కూడా మాటలను వెనక నుంచి చదువుతూ కూర్చున్నాను.

ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా జవాబు చెప్పొచ్చు, కానీ అది ఎట్ల వచ్చిందో విడమర్చి చెప్పేదాకా గడిలో రాయనిచ్చేవాడు కాదు. "అటూ ఇటూ పడిన అక్షరాలు చూసి గుడ్డోడు కూడా తగిలిస్తాడు. విడమర్చినోడిదే జవాబు" అనేవాడు. మా డాక్టరుగారు ఒకసారి రౌండ్స్‌కు వచ్చి, చూసీ చూడగానే ఒకటి చెప్పేశారు. మామ పెన్ను ఎత్తలేదు. "విడమర్చండి సార్" అన్నాడు. డాక్టరుగారు నీళ్ళు నమిలి, "మళ్ళీ వస్తా" అని జారుకున్నారు. ఆ రోజు వార్డులో బీపీలన్నీ బాగానే ఉన్నాయి!

బీపీ అన్నాను కాబట్టి ఇంకో మాట. నీళ్ళు తీసే కొద్దీ కొందరికి బీపీ హఠాత్తుగా పడిపోతుంది. దానికి మొదటి గుర్తు 'తల తిరుగుతోంది' అనడం. ఆ మాట వినబడితే మేం చేతిలో పని వదిలి పరుగెత్తాలి. ఒకరోజు నేను వార్డు చివర ఉండగా, మామ గట్టిగా 'తల తిరిగితే...' అనడం వినబడింది. బీపీ చూసే పట్టీ తీసుకుని ఉరికాను. తీరా చూస్తే ఆయన ఆధారం చదువుతున్నాడు: 'తల తిరిగితే తీగ.' తిరగేస్తే లత. వార్డంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండి, మామను నాలుగు తిట్టాను.

ఈ నవ్వుల్లో కలవనివాడు ఒక్కడే. పక్క మంచం సుబ్బారెడ్డి. అర్ధవీడు దగ్గర పల్లె నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవాడు. గొర్రెలు, కాస్త కంది చేను. వయసులో పెద్దవాడు కాబట్టి నేను పెదనాయనా అని పిలిచేదాన్ని. మొండి మనిషి. గొర్రెలకు ఎవురూ లేరని వంక పెట్టి డయాలిసిస్ ఎగ్గొట్టేవాడు, ఆ తర్వాత కాళ్ళూ మొహమూ ఉబ్బి వచ్చేవాడు. నా నోటికి ఆయన దగ్గర విరామం ఉండేది కాదు. పజిల్ అంటే మరీ మంట.

"పనీ పాటా లేనోళ్ళ యవ్వారం. పలకని తిరగేసినా పలకే ఉంటాది, కలప ఎట్లయితాది సాయిబూ?"

"నువ్వు వింటున్నావన్నమాట" అనేవాడు మామ.

"చెవులు మూసుకుంటానికి రెండో చెయ్యి ఏదీ? కట్టేసినారు గదా" అని అటు తిరిగి పడుకునేవాడు.

ఒక గురువారం ఉదయం. ఆ వారం నుడికట్టులో ఒక ఆధారం మంగళవారం నుంచీ ఎవరికీ కొరుకుడు పడలేదు: 'దిగులు మాగితే పులుసుకు పనికొస్తుంది, నాలుగక్షరాలు.' నేను ఇంటికి పోయి కూడా ఆలోచించాను. మామకు మాత్రం తెలుసని మా అందరికీ అనుమానం. అడిగితే మీసంలో నవ్వేవాడు గానీ చెప్పేవాడు కాదు.

ఆ రోజు మామ బీపీ చూశాను, బాగుంది, షీట్‌లో రాశాను. అవతలి చివర కొత్తగా వచ్చిన ఒకామెకు సూది సరిగా కూర్చోక మెషీన్ కూత పెడుతుంటే అటు పోయాను. కాసేపటికి సుబ్బారెడ్డి గొంతు సవరించుకోవడం వినబడింది. ఆ మనిషి గొంతులో అంత బెరుకు నేనెప్పుడూ వినలేదు.

"సాయిబూ. ఆ పులుసుది... చింతపండేమో చూడు."

అందరం అటు తిరిగాం. మామ కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"ఆ... రాసుకో" అన్నాడు.

"రాసుకో ఏంది? ఎట్లొచ్చిందో అడగవా?"

"బాగుంది. రాసుకో."

అంతే, సుబ్బారెడ్డికి తిక్క లేచింది. "ఇన్ని దినాలు డాక్టరు చెప్పినా విడమర్చమంటివే! ఈ పాప చెప్పినా పీకల మీద కూర్చుంటివే! నేను చెప్తే రాసుకోమంటావా? గొర్రెలోడికేం తెలుసులే అని పారేస్తాండావా నన్ను?"

"పెదనాయనా, మెల్లగా! చెయ్యి కదిలితే సూది జారుతుంది" అని నేను అక్కడి నుంచే అరిచాను.

"నువ్వు ఇటు రా పాపా. ఈయప్పకి చెప్పు. నన్ను అడిగిందాకా నేను ఊరుకునేది లేదు. రెండు దినాలు గొర్రెల ఎనక తిరుగుతా ఆలోచించినా!"

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఇద్దరు ముసలివాళ్ళు, ఒక కాగితం ముక్క, దానికింత రాద్ధాంతమా! ఆమె మెషీన్ కూత ఆపి, చేతి గ్లవ్స్ లాగి పారేసి, గబగబా వచ్చాను. ఈయన్ని చల్లార్చాలంటే ఆయన చేత ఒక మాట అనిపిస్తే పోతుంది కదా అని మామ వైపు వంగాను.

"మామా, ఒక్కసారి అడుగు, ఈయన గోల పడలేకపోతున్నా."

"బాగున్నా బేటీ" అన్నాడు.

నేను అడిగిందేమిటి, ఆయన చెప్పిందేమిటి? అప్పుడు చూశాను, నుదుటి మీద చెమట. పెదవుల్లో రంగు లేదు. ఆవలింత. పట్టీ చుట్టి చూస్తే నూట ఇరవై దాకా ఉండాల్సిన పై అంకె డెబ్బైకి దిగింది, కింది అంకె అందనే లేదు. అరగంట కూడా కాలేదు నేను బాగుందని రాసి! రక్తం సంగతి మెషీన్ చూసుకుంటుంది, మనిషి సంగతి మేమే చూసుకోవాలి. అది ఇంకో గంటైనా కుయ్యిమనేది కాదు.

తల వైపు మంచం దించి, కాళ్ళు ఎత్తి పెట్టాను. నీళ్ళు తీయడం ఆపేసి, సెలైన్ వదిలాను. అంటే తీసిన నీటిని ఉప్పునీటి రూపంలో కొంత తిరిగి ఇచ్చేయడం. ఆక్సిజన్ పెట్టి, డాక్టరుగారికి కబురు చేశాను. షుగర్ చూశాను, ఫరవాలేదు. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ రావచ్చు, గుండె ఆగిపోవచ్చు కూడా.

పక్క మంచం మీద సుబ్బారెడ్డి లేవలేడు, చేతికి సూదులున్నాయి. మెడ చాచి, "సాయిబూ! సాయిబూ, పలుకు!" అని పిలుస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"పాపా" అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో. "నేను కసిరినందుకేనా ఆయనకి ఇట్లయింది?"

"కాదు పెదనాయనా. నువ్వు కసరకుంటే నేను ఇటు వచ్చేదాన్నే కాదు."

ఆ మాట ఆయనకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. తర్వాత భుజం మీది తువ్వాలు మొహం మీద వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఆయన్ని ఓదార్చలేదు. మామ చెంపల్లోకి రంగు వస్తోంది, అది చూస్తున్నాను. మామ కళ్ళు తెరిచి, "ఏందమ్మా, అందరూ నా మీద పడినారు?" అన్నాక నాకూ ఏడుపు వచ్చింది. ఆనందపు ఏడుపు, దాచుకోవడమెందుకు?

కారణం తర్వాత తేలింది. డయాలిసిస్ రోజు పొద్దున బీపీ మాత్ర వేసుకోకూడదని మేం చెప్పి ఉన్నాం. ఆ వారమే కాపురానికి వచ్చిన చిన్న కోడలు, మామయ్య మందు మరిచిపోతున్నాడని ప్రేమగా మంచినీళ్ళతో సహా తెచ్చి ఇచ్చిందట. కొత్త కోడలి చేతిని కాదనలేక ఈయన మింగేశాడు. ఆ పిల్ల హడలిపోయి వచ్చింది. తిడదామని నోరు తెరిచినదాన్ని, ఆ మొహం చూసి ఊరుకుని, ఏ రోజు ఏ మాత్రో కూర్చోబెట్టి చెప్పాను.

డాక్టరుగారు మామను రెండు రోజులు అక్కడే ఉంచారు. శనివారం నేను డ్యూటీకి వచ్చేసరికి సుబ్బారెడ్డి వరండాలో కూర్చుని ఉన్నాడు. అందరికన్నా ముందు వచ్చిన మొదటి రోజది. "సాయిబు వచ్చినాడా?" అన్నాడు. సూదులు పెట్టాక, నుడికట్టు అట్ట ఆయన మంచం దగ్గర పెట్టాను. ఆ నాలుగు గళ్ళు ఖాళీగానే ఉన్నాయి. రాయి పెదనాయనా, జవాబు నీదే కదా అని వార్డంతా అన్నారు.

"విడమర్చనిదే రాయకూడదు" అన్నాడు, అట్టను ముట్టుకోకుండా.

మామను పక్క గది నుంచి చక్రాల కుర్చీలో తీసుకొచ్చి మంచం ఎక్కించాం. గురువారం జరిగింది ఆయనకు సగం కూడా గుర్తు లేదు. మేమే చెప్పాం. విని, సుబ్బారెడ్డి వైపు తిరిగాడు. "అయితే చెప్పు. ఎట్లొచ్చింది?"

సుబ్బారెడ్డి పైకి చూస్తూ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "దిగులంటే చింత. మాగటమంటే పండటం. చింత, పండు. పులుసులో వేస్తారు. డాక్టరు పులుసు తినొద్దన్న కాడి నుంచి నాకు అదే చింత గదా, నాకు రాక ఎవురికి వస్తాది?"

మామ అంత బలహీనతలోనూ పగలబడి నవ్వాడు. "షాబాష్ రెడ్డీ! రాయి. నీ చేత్తో నువ్వే రాయి." ఐదో తరగతి దాకా చదివిన చెయ్యి, చాలాకాలానికి పెన్ను పట్టింది. నాలుగు గళ్ళు నింపేసరికి ఆయనకు చెమట పట్టింది. ఈ చెమట మంచిదే అని నేను తువ్వాలు అందించాను. ఆ తర్వాత ఆయన డయాలిసిస్ ఎగ్గొట్టలేదు. గొర్రెల్ని తమ్ముడి కొడుకుకు అప్పజెప్పాడట. అదేదో ముందే చేయొచ్చు కదా అంటే, "అప్పుడు నన్ను ఎవురు అడిగినారు?" అన్నాడు.

ఆ కేసు నా పని తీరునే మార్చింది. రోగిని "బాగున్నారా?" అని అడిగితే "బాగున్నా" అంటాడు. మన ఊళ్ళలో పోయే ప్రాణం కూడా ముందు బాగున్నాననే అంటుంది, ఎదుటివాళ్ళకు శ్రమ ఎందుకని. అందుకే ఇప్పుడు మంచం దగ్గర నిలబడితే "రాత్రి ఏం కూర? ఎట్ల చేసినారు?" అని అడుగుతాను. వంకాయ కోసిన దగ్గర్నుంచి తాలింపు దాకా వరసగా చెప్పగలిగితే ఆ మనిషికి ఏం కాలేదు. మధ్యలో ఆగితే పట్టీ చుడతాను. కొత్తగా చేరిన నర్సు పిల్లలకు కూడా ఇదే నేర్పుతున్నాను.

మొన్నామధ్య మా నాయన జారిపడి తుంటి విరిగి మంచాన పడ్డాడు. రాత్రి ఆయన దగ్గర, పగలు డ్యూటీ. ఎవరికీ చెప్పలేదు. సూది పెడుతుంటే సుబ్బారెడ్డి నా మొహంలోకి చూసి, "ఎట్లుండావు పాపా?" అన్నాడు.

"బాగున్నా పెదనాయనా."

ఆయన పక్క మంచం వైపు చూశాడు. మామ నుడికట్టు అట్ట పక్కన పెట్టాడు.

"విడమర్చు" అన్నాడు సుబ్బారెడ్డి.

స్టూలు లాక్కుని ఆ రెండు మంచాల మధ్య కూర్చుని, మొదటి నుంచి చెప్పాను.