మైకులో పుట్టిన అల్లుడు

ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరికీ ఏమీ కాని మనిషంటూ ఉండేవాడు కాదు. బస్సు దిగిన కొత్త మనిషిని టీ కొట్టు దగ్గరే పట్టుకొని, ఎవరింటికి, ఏ దిక్కు నుంచి, వాళ్లు నీకేమైతరు అని మూడు ప్రశ్నలు వేసేసరికి అతను ఒకరికి మేనబావో, ఇంకొకరికి తోడల్లుడో అయి కూర్చునేవాడు. కాలేజీలకు ఈ వరసలు పట్టవు. వాటికి రూళ్లుంటాయి. మూడేళ్ల డిగ్రీలో నేను గట్టిగా నేర్చుకున్నది ఏదైనా ఉందంటే, వరసకూ రూలుకూ మధ్య పడ్డ మనిషి ఎలా నలుగుతాడన్నదే. నలిగింది నేను కాదు లెండి. నేను ఎప్పుడూ ఒడ్డున నిలబడి అరిచే రకం. నా నోటిదూలకు నలిగినవాడు నా స్నేహితుడు ఉడుం.

వాడికి మంచి పేరే ఉండేది కానీ దాన్ని హాజరు పట్టీలో తప్ప ఎవరూ వాడేవారు కాదు. నర్సింహులపేట దిక్కు లంబాడీ తండా నుంచి జనగామ వచ్చి, హాస్టల్లో ఉండి, నాతోపాటు డిగ్రీ చదివేవాడు. కబడ్డీలో వాడు ఎదుటివాడి కాలి మడమ ఒకసారి పట్టుకున్నాడంటే రెఫరీ విజిల్ ఊది, వీపు మీద చరిచి, బతిమాలితే తప్ప వదిలేవాడు కాదు. అందుకే ఉడుం. నేనూ కాలేజీ జట్టులో ఉన్నాను (పన్నెండో వాడిగా, పన్నెండో వాడి పని నీళ్ల డబ్బా మోయడం, మిగతా పదకొండు మంది చెప్పులు కాయడం). ఆఖరి ఏడాది వాడి పేరు యూనివర్సిటీ జట్టు ఎంపికకు వెళ్లింది. ఆ జట్టులో ఆడిన సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో పోలీసు నౌకరీ దొరుకుతుందని వాడి ఆశ. వాళ్ల అమ్మా నాయినా ఏటా ఆరు నెలలు పట్నానికి అడ్డా కూలికి పోయేవారు. "ఒక్క నౌకరి రానీ రా, మా ఇద్దరు ముసలోళ్లను ఇంటికాడ మంచంల కూసోబెడుత" అనేవాడు. నలభై ఏళ్లు కూడా నిండని వాళ్లను ముసలోళ్లు అనేవాడు. కూలి అలా చేసింది మరి.

మా పీడీ సార్ ఏడాది మొదట్లోనే మా అందరితో ఒక కాగితం మీద సంతకాలు చేయించాడు. కాలేజీ ఆటగాడు బయటి జట్టు తరఫున ఆడి ప్రతిఫలం తీసుకోరాదు, తీసుకుంటే ఏడాది ఆట బంద్ అని దాని సారాంశం. ఆటగాళ్లను ఎవరూ కొనకూడదని ఆ రూలు పెట్టారట. పన్నెండో వాడినైన నేను అందరికంటే ముందు, అందరికంటే పెద్ద సంతకం పెట్టాను. నన్ను కొనేవాడు పుట్టలేదని అప్పటికి నాకు తెలియదు.

తరిగొప్పుల పక్కన మా ఊళ్లో దసరా సెలవుల్లో కబడ్డీ పోటీలు పెట్టేవారు. పది ఊళ్ల జట్లు వచ్చేవి. గెలిచిన జట్టుకు పొట్టేలు. మా నాయిన తమ్ముడు, మా చిన్నబాపు, ఆ పోటీల పెద్ద. ఆ ఏడు సరిగ్గా ఆఖరి ఆటకు ముందు రోజు మా ఊరి మూల ఆటగాడు వేలు విరగ్గొట్టుకున్నాడు. చిన్నబాపు నన్ను పిలిచి, "అరేయ్, నీ దోస్తొకడు ఉన్నడు గద, ఉడుమో తొండో, ఆన్ని తోల్కరా. ఊరి ఇజ్జత్ కా సవాల్" అన్నాడు. ఊరి ఇజ్జత్ నా చేతిలో పడటం అదే మొదటిసారి. మొదటి బస్సుకే జనగామ వెళ్లాను. ఎంపికకు సాధన చేస్తూ సెలవుల్లోనూ హాస్టల్లోనే ఉండిపోయిన ఉడుం మాత్రం వెనకాడాడు. "సంతకం పెట్టినం గదరా. పీడీ సార్‌కు తెలిస్తే?" అన్నాడు. "నువ్వు మా ఇంటికి దావత్‌కు వస్తున్నవ్. మధ్యల జర ఆడుతవ్. ఎవ్వనికి తెలుస్తదిరా?" అన్నాను. (ఎవ్వనికి తెలుస్తది అన్నది నేనే, మర్నాడు మైకు పట్టుకొని పది ఊళ్లకు చెప్పిందీ నేనే.)

ఎందుకంటే ఆ పోటీలకు మైకు నాది. ఆడటం రానివాడికి అంతకు మించిన స్వర్గం లేదు. ఉడుం గీత లోపలికి అడుగు పెట్టగానే నాకు పూనకం వచ్చింది. "వచ్చేసిండు, వచ్చేసిండు! జనగామ డిగ్రీ కాలేజీ పులి, పట్టు పడితే ఇడువని మన ఉడుం!" అని అరిచాను. చప్పట్లు మోగాయి. వెంటనే అవతలి జట్టు కెప్టెన్ చెయ్యెత్తాడు. ఏ ఊరివాళ్లు ఆ ఊరికే ఆడాలన్నది పోటీ షరతు. "గీ పిలగాడు మీ ఊరోడు కాదు గద. బయటోన్ని ఎట్ల ఆడిస్తరు?" అన్నాడు. చిన్నబాపు నా వైపు ఉరిమి చూశాడు. ఆ చూపు నుంచి తప్పించుకోవడానికి నాకు తోచింది ఒక్కటే. మా దగ్గర ఇంటి అల్లుడు ఊరివాడి కిందే లెక్క, ఆ షరతు కమిటీ కాగితంలోనే ఉంది. "బయటోడు కాదు, మా ఊరి అల్లుడు!" అన్నాను మైకులో.

"ఎవరింటి అల్లుడు?" అన్నాడు కెప్టెన్.

అక్కడ నా బుర్ర ఆగిపోయింది. పెండ్లీడు ఆడపిల్లలున్న ఇళ్ల పెద్దలందరూ ఒక్కసారిగా నేల చూపులు చూశారు. తండా పిలగాణ్ని తన అల్లుడని చెప్పే గుండె ఎవరికుంటుంది? ఉడుం గీత మీద అలాగే నిలబడి చెవుల దాకా ఎర్రబడ్డాడు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి పాల పెద్దమ్మ లేచింది. రెండు బర్రెలు పెట్టుకొని ఊరందరికీ పాలు పోసే మనిషి. పెనిమిటి పోయి చాలా ఏళ్లయింది. "నా అల్లుడు. ఏమాయె ఇప్పుడు?" అంది కొంగు బిగించి. ఆమెకు పిల్లలే లేరని మా ఊళ్లో గోడలకు కూడా తెలుసు. పరాయి ఊరి కెప్టెన్‌కు తెలియదు. ఊరు ఊరంతా నవ్వు మింగి, ఎంత బాధ్యతగా తల ఊపిందో నేను ఇప్పటికీ మరిచిపోలేను.

ఆట ఆఖరి కూతకు చెరి సమానంగా ఉంది. అవతలి జట్టు ఎద్దులాంటి మనిషి కూత పెట్టుకుంటూ వచ్చాడు. ముగ్గురు మీద పడితే ముగ్గురినీ విదిలించుకొని గీత వైపు దూకాడు. ఉడుం నేల మీద పొర్లి వాడి మడమ పట్టాడు. అంతే. ఆ మనిషి చెయ్యి గీతకు జానెడు దూరంలో దుమ్ములో పడింది, వాడి కూత తెగింది. నేను మైకులో ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు కానీ, "బావా! బావా!" అని ఏడ్చానని తర్వాత చెప్పుకున్నారు.

పొట్టేలు కోశారు. కానీ ఉడుంను మేము దావత్‌కు తీసుకుపోలేకపోయాం. పెద్దమ్మ చెయ్యి పట్టుకొని తన ఇంటికి నడిపించింది. గుమ్మంలో కాళ్లు కడిగింది. తోడుగా పోయిన నన్ను చూసి, "ఇగ నుంచి ఈన్ని బావ అనాలె. అరేయ్ గిరేయ్ అంటివా, మూతి పలుగుతది" అంది. పక్కింటావిడ గోడ మీదుగా, "తండా పిలగాన్ని అల్లుడంటివేంది వదినా?" అని దీర్ఘం తీసింది. "నా బర్రె పాలు తండాకు ఒక తీరు, ఊరికి ఒక తీరు ఇస్తదా?" అంది పెద్దమ్మ. తన వాటాకు వచ్చిన పొట్టేలు కూరతో అన్నం పెట్టి, పెట్టెలోంచి పసుపు మరకలున్న ఒక షర్టు బట్ట, ప్యాంటు బట్ట తీసి బొట్టు పెట్టి వాడి చేతిలో పెట్టింది. వాడు వంగి కాళ్లు మొక్కాడు. లేచేటప్పుడు వాడి మొహం చూడకుండా నేను దూలాలు లెక్కపెట్టుకున్నాను.

పదిహేను రోజులకు ఓడిన జట్టువాళ్లు కాలేజీకి ఉత్తరం రాశారు. అందులో సాక్ష్యం కింద నా మైకు మాటలు అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయి. ప్రిన్సిపాల్ సార్ గదిలో విచారణ. ఉడుం ఇస్త్రీ చేసిన కొత్త బట్టల్లో వచ్చాడు. "ఆడినవా?" "ఆడిన సార్." "మటన్ తిన్నవా?" "తిన్న సార్." "ఇంకేమన్న ఇచ్చిన్రా?" "బట్టలు పెట్టిన్రు సార్." "ఏవి ఆ బట్టలు?" వాడు తన మీదికి తాను చూసుకొని, "ఇవే సార్" అన్నాడు. సాక్ష్యాన్ని కుట్టించి, తొడుక్కొని, గుండీలు పెట్టుకొని వచ్చిన నేరస్థుణ్ని పీడీ సార్ తన నౌకరీలో చూసి ఉండడు. ఆయన తల పట్టుకున్నాడు. వాడికి ఉన్న మంచి జత అదొక్కటే.

అప్పుడు తలుపు తోసుకొని పాల పెద్దమ్మ వచ్చింది. ఆమెకు ఖబర్ చెప్పింది నేనే (ఈసారి మైకు లేకుండా). ఖాళీ పాల క్యాను చంకలో పెట్టుకొని, "నా అల్లునికి నేను బట్టలు పెట్టుకున్న. దాన్ని కూలి అంటరా సారు?" అంది. ప్రిన్సిపాల్ సార్ మర్యాదగా, "కూచో అమ్మా. మీ బిడ్డ ఏం చదువుతున్నది?" అని అడిగాడు. పెద్దమ్మ చంకలోని క్యాను కింద పెట్టింది. "బిడ్డ పుట్టలే సారు. పుడితే ఈన్నే తెచ్చుకుంటుంటి" అంది. నవ్వడానికే నోరు తెరిచాను నేను. గదిలో ఎవరూ నవ్వకపోయేసరికి మూసుకున్నాను.

పీడీ సార్ మంచివాడు. వాడి మీద ఆయనకు ఎంత ఆశ ఉందో నాకు తెలుసు. గొంతు తగ్గించి, "ఒక్క కాగితం రాసియ్యి. బట్టలు వాపస్ ఇచ్చిన, ప్రతిఫలం తీసుకోలేదు అని. నేను చూసుకుంట" అన్నాడు. పెద్దమ్మ వెంటనే, "ఇచ్చెయ్యి నాయినా, నేనేమనుకోను. నౌకరి కంటె బట్టలెక్కువా?" అంది. ఉడుం నేల చూశాడు. ఆ నేల మీద వాళ్ల అమ్మా నాయినా కూర్చోవలసిన మంచం కనిపించిందేమో. తర్వాత షర్టు పై గుండీ కూడా పెట్టుకొని, "అల్లునికి పెట్టిన బట్టలు వాపస్ ఇయ్యరు సార్. గట్ల ఇస్తె మంచిది కాదు" అన్నాడు. పట్టు పడితే వదలడని మైకులో చెప్పినవాణ్ని నేనే కదా.

ఏడాది ఆట బంద్ అయింది. అది వాడి ఆఖరి ఏడాది కాబట్టి ఎప్పటికీ బంద్ అయినట్టే. నేను మాత్రం సిగ్గుతో పీడీ సార్ దగ్గరికి వెళ్లి, "నాకేం శిక్ష సార్? నాకు గూడ తువ్వాల కప్పిన్రు, రెండు ప్లేట్లు మటన్ తిన్న" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఆడలేదు గదరా. మైకు పట్టుకున్నోని మీద ఏ రూలూ లేదు, పో" అన్నాడు. శిక్షకు కూడా పనికిరాని వాణ్నని ఆ రోజు తెలిసింది. రూలు చెడ్డదని నేను ఇప్పటికీ అనలేను. కొనేవాళ్లను ఆపడానికి పెట్టిన గోడ అది. కానీ ఆ గోడ ఒక ముసలమ్మ పెట్టిన షర్టు బట్ట మీద పడటం న్యాయమని ఎవరైనా అంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండుతుంది.

ఉడుం భూపాలపల్లి వెళ్లిపోయాడు, బొగ్గు లారీ నడపడానికి. కానీ ప్రతి దసరాకు మా ఊరు వచ్చేవాడు, నేను రాని ఏళ్లలో కూడా. పెద్దమ్మ చేతిలో పండగ జమ్మి ఆకు పెట్టి, బర్రెల కొట్టానికి కప్పు వేసి, ఆమె పెట్టిన బట్టలు తీసుకొని పోయేవాడు. పెండ్లయ్యాక భార్యను తెచ్చి చూపితే, "నా బిడ్డ గిట్లనే ఉంటుండె" అందట. ఆరేళ్ల కింద పెద్దమ్మ పోయినప్పుడు వాడు రాత్రి లారీ దిగి నేరుగా వచ్చాడు. పాడె పట్టి "యాడీ, యాడీ" అని వాళ్ల తండా మాటలో అమ్మను పిలిచి ఏడ్చాడు. ఎవరింటి అల్లుడని ఆ రోజు ఎవరూ అడగలేదు.

మొన్న పరీక్షల డ్యూటీ మీద భూపాలపల్లి వెళ్లి వాడింట్లో భోజనం చేశాను. నేనిప్పుడు కాలేజీ లెక్చరర్‌ని. ఇద్దరికీ పొట్టలొచ్చాయి. అమెరికాలో కాలేజీ ఆటగాళ్లు ఇప్పుడు తమ పేరు మీద దర్జాగా సంపాదించుకోవచ్చట, ఫోన్‌లో చదివి వినిపించాను. వాడు చేప ముల్లు తీసుకుంటూ, "మంచిదే. మరి ఆడ అల్లుండ్లకు బట్టలు పెడతరా?" అన్నాడు. నవ్వాం. ఆ నవ్వు చాటున, ఇరవై ఏళ్లుగా గొంతులో ఉన్న మాట అడిగేశాను. "బావా, నేను ఆ రోజు మైకుల నోరు జారకపోతే నీకు నౌకరి వస్తుండె గద?"

"వస్తుండె" అన్నాడు వాడు, తడుముకోకుండా. వాడు అబద్ధం చెప్పి నన్ను ఊరడించలేదు, అందుకు ఇప్పటికీ వాడంటే గౌరవం. నా పళ్లెంలో ఇంకో చేప ముక్క వేసి, "నువ్వు నోరు జారకపోతే నాకు అత్త ఎక్కడిదిరా?" అన్నాడు.

ఇప్పుడు మా కాలేజీలో ఏ సభ జరిగినా మైకు నాకే ఇస్తారు. ముఖ్య అతిథి హోదా, బిరుదులు, అన్నీ కాగితం చూసి తప్పుల్లేకుండా చదువుతాను. ఒక్కోసారి చదువుతూ చదువుతూ, ముందు వరుసలో ఎవరికీ ఏమీ కాకుండా కూర్చున్న ఆ పెద్దమనుషులను చూస్తే, కాగితం పక్కన పడేసి వాళ్లలో ఒకణ్ని మా ఊరి అల్లుడని అరవాలనిపిస్తుంది. అరవను. ఆ ధైర్యం ఆ పన్నెండో వాడికి ఉండేది, వాడే ఇప్పుడు నాలో లేడు.