దక్షిణం వసారా

మొన్న రామనగుడ దగ్గర మా తాత ఊరి గుడికి వెళ్లాను. చర్చి అనాలేమో, మా ఇళ్లలో మాత్రం గుడి అనే అంటాం. జనం పెరిగారని దక్షిణం గోడ పడగొట్టి, వసారాను లోపలికి కలిపేసి, గ్రానైటు పరిచారు. పక్కనున్నావిడ "ఇలా కూసోండమ్మా, గాలొస్తాది" అని జరిగి చోటిచ్చింది. కూర్చోలేకపోయాను. అది మా మేనత్త నిలబడిన చోటు.

ఆ గుడి తాత కట్టించిందే. ఫాదర్లు వచ్చారు, బదిలీ మీద పోయారు. శ్రీకాకుళం వైపు నుంచి బడిపంతులుగా వచ్చి, ఇక్కడే, ఫాదర్ లేనప్పుడు ప్రార్థనలు నడిపే ఉపదేశిగా స్థిరపడిన తాత మాత్రం ప్రతి రాయి దగ్గరా నిలబడ్డాడు. మూరెడు మందం గోడలు, సాల్ దూలాలు, నాటు పెంకులు. గోపురం లేపితే కొండగాలికి నిలవదని గంటను బయట రెండు గుంజల మధ్య కట్టించాడు. ఒడియా వడ్రంగుల్ని తెలుగులో తిడితే వాళ్లు నవ్వుతున్నారని, తిట్టడం కోసమే ఒడియా నేర్చుకున్నాడట. దక్షిణం వసారా ఆయన సొంత ఆలోచన. ఇంకా జ్ఞానస్నానం పొందని కొండ ఊళ్లవాళ్లు అక్కడ నేల మీద కూర్చున్నా లోపల పూజ జరిగే పీఠం కనపడాలని కిటికీలు మోకాలెత్తున పెట్టించాడు. అంత దయగల మనిషి.

ఆ మనిషే కన్నకూతుర్ని ఆ వసారాలో నిలబెట్టాడు. అత్త గుణుపురంలో నర్సు. అక్కడే కిరాణా కొట్టు నడిపే హిందువుల అబ్బాయిని రిజిస్ట్రారాఫీసులో పెళ్లి చేసుకుంది. తర్వాతి ఆదివారం పూజకి వస్తే తాత గుమ్మానికి అడ్డంగా నిలబడి, "నాను కట్టిన గుడిలో నువ్వు అడుగెట్టొద్దు. నాను రమ్మన్న నాడు రా" అన్నాడు. సర్దిచెప్పబోయిన ఫాదర్నీ కసిరాడు. అత్త వసారాలోకి నడిచింది. ఇక ప్రతి ఆదివారం అక్కడే, నీడకి చేరిన మేకలతో పాటు. కూర్చునేది కాదు. కూర్చుంటే అలవాటైపోద్దనేది.

తాత మంచాన పడ్డాక సెలవు పెట్టి వచ్చి ఆవిడే చూసుకుంది. పుళ్లు కడిగింది, పక్క మార్చింది. ఆమె చేత్తోనే గంజి తాగాడు. ఒకరోజు మూతి తుడుస్తూ, "నాన్నా, ఈ ఆదోరం లోపలికి రానా?" అని అడిగింది. తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ కాస్త మాట కోసం ఆవిడ ఎంత కాచుకుందో చూసిన నాకు ఆయన మీద ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వారంలోనే పోయాడు. పెట్టెను పీఠం ముందు దించారు. బయట జోరున వాన. ఫాదర్ స్వయంగా వసారాలోకి వచ్చి "రామ్మా" అన్నారు. మా నాన్న ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాడు.

"ఒగ్గీరా తమ్ముడా," అంది అత్త. "నాన్న రమ్మన్లేదు కదా."

కిటికీ ముందు వంగి, అక్కణ్ణుంచే తండ్రిని సాగనంపింది. బతికినన్నాళ్లూ ఆ గుమ్మం దాటలేదు. వద్దన్నవాడు పోయాడు కదా, వెళ్లమని అందరూ చెప్పేవాళ్లు. రమ్మనాల్సినవాడు కూడా ఆయనేనని ఒక్కరూ అనుకోలేదు. కోపం చల్లారడానికి టైము ఇవ్వాలని మా ఇంట్లో పెద్దలు అంటుండేవారు. తాతకి ఆ టైము చాల్లేదు. ఆయన పోయాక అత్తకి ఎంత టైమున్నా అది ఎందుకూ పనికిరాలేదు.