నేను లేని రెండు వారాలు

ఆ రోజుల్లో నేను లేకపోతే కంపెనీ ఒక్క పూట కూడా నడవదని నాకు గట్టి నమ్మకం ఉండేది. (కంపెనీకి ఆ నమ్మకం లేదన్న సంగతి తర్వాత తెలిసింది.) ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు. మా ఊరు భీమవరం దగ్గర, ఉద్యోగం హైదరాబాదులో ఓ పెద్ద ఫైనాన్స్ కంపెనీలో, అద్దె గది మేడ్చల్ దాటాక అత్వెల్లిలో. నాతో నాలుగు మాటలు మాట్లాడే మనుషులందరూ ఆఫీసులోనే ఉండేవారు కాబట్టి ఆదివారం వస్తోందంటేనే నాకు దిగులు.

అలాంటి నన్ను పట్టుకుని ఓ సాయంత్రం మా మేనేజరు, "రేపటి నుంచి నీకు రెండు వారాలు లీవ్. లాప్‌టాప్ ఇచ్చెయ్" అన్నాడు. డబ్బు వ్యవహారాలు చూసే కంపెనీల్లో అదో ఆనవాయితీ. ఏటా ఒకసారి మనిషిని బలవంతంగా ఇంటికి పంపి, అతని పని వేరేవాళ్ల చేత చేయిస్తారు. అతను లోపల ఏదైనా గోల్‌మాల్ చేసి కప్పిపుచ్చుతుంటే అప్పుడు బయటపడుతుందని. మనం ఆఫీసుకు ఫోన్ చేయకూడదు, వాళ్లు మనకు చేయకూడదు. "నేను లేకపోతే ఎలా సార్?" అన్నాను బెంగగా. "అదే చూద్దామని" అన్నాడాయన.

ఇంటికి పోదామంటే అమ్మానాన్నా కాశీయాత్రలో ఉన్నారు. ఓ రోజంతా పడుకున్నాను. ఉతికిన బట్టలే మళ్లీ ఉతికాను. కంపెనీ బస్సు వచ్చే వేళకు టీ బంకు దగ్గర నిలబడి, అది వెళ్లిపోయేదాకా చూశాను. ఓ మధ్యాహ్నం శామీర్‌పేట చెరువుకు పోయి, కట్ట మీద ఒక్కణ్ణే కూర్చుని, ఎవరితోనైనా మాట్లాడకపోతే ఏడుపొచ్చేలా ఉండి, మా కంపెనీ కస్టమర్ కేర్‌కే ఫోన్ చేశాను. (కస్టమర్లు చేయకూడదని రూల్లో లేదు.) "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని రికార్డు గొంతు పలికితే ప్రాణం లేచొచ్చింది. చివరికి ఓ అమ్మాయి ఎత్తింది. "ఏం లేదండీ, అక్కడంతా బాగానే నడుస్తోందా?" అన్నాను. "ఇంకేమైనా సహాయం కావాలా సర్?" అందామె.

గదికి వచ్చేసరికి మా ఇంటి ఓనరు అవ్వ గేటు దగ్గర కాపు కాసి ఉంది. "ఏంది బిడ్డా, గిన్ని దినాల సంది డ్యూటీకి పోతలేవు?" అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "అంటే నీ మీద అనుమానమొచ్చిందన్నట్టు. నిజం జెప్పు, ఎంత దీస్కున్నవ్?" అంది గొంతు తగ్గించి. "అయ్యో, ఏమీ తీయలేదవ్వా! ఈ లీవు అందరికీ ఇస్తారు" అన్నాను. "అందరు దొంగలేనా గా ఆఫీసుల?" అంది. మర్నాటి నుంచి జొన్నరొట్టె, పచ్చిపులుసు పట్టుకుని మెట్లెక్కి వచ్చేది. "తిను. పరేషాన్ గాకు. పోలీసులొస్తే నేను మాట్లాడ్త, మంచి పోరడని జెప్త" అనేది. నా తప్పేం లేదని చెప్పడం మానేశాను. చెబితే ఆవిడ రావడం మానేస్తుందని భయం.

లీవు అయిపోగానే ఆఫీసుకు ఎగురుకుంటూ వెళ్లాను. పక్క సీటు అన్న తలెత్తి, "లీవ్‌ల ఉన్నవా తమ్మీ? నేను జూడనే లేదు" అన్నాడు. మేనేజరు చెయ్యి కలిపి, "నువ్వు లేకపోయినా ఎక్కడా చిన్న తేడా కూడా రాలేదు. శభాష్!" అన్నాడు. అంత బాధపెట్టిన శభాష్ నాకు మళ్లీ దొరకలేదు. సాయంత్రం బస్సు దిగేసరికి అవ్వ రోడ్డు మీదికే వచ్చి నిలబడి ఉంది. "నౌకరి ఉన్నదా, పీకిన్రా?" అంది. "ఉందవ్వా. నా తప్పేం లేదని తేలింది" అన్నాను. "పొద్దుగాల సంది ఒక్క బుక్క దిగలే బిడ్డా" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

ఇప్పుడు కుర్రాళ్లను ఆ లీవుకు పంపేది నేనే. నా వంతు వచ్చినప్పుడు మాత్రం, మోగదని తెలిసీ ఫోను స్నానానికి కూడా వెంట తీసుకెళ్తాను. మా ఆవిడ నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. ఆ రెండు వారాలు నేను లేని లోటు ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. కానీ నా కోసం అన్నం మానేసిన మనిషి ఒకరుండేవారు, అదీ నన్ను దొంగ అనుకుంటూనే.